బడికీ మడికీ మధ్య

నా చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో నేనొక అయివారిని, అంటే బడిపంతుల్ని. నవ్వకండి. అప్పటికి నాకు పదేళ్ళు. గుండీలు ఊడిన చొక్కా, జేబులో బొంగరం. అయినా అయివారినే. మా తరగతిలో చెవులు వినపడని పిల్ల ఒకతె ఉండేది. బడి ఆమెను బయటికి పంపేస్తే, నేను రోజూ సాయంత్రం వాళ్ళింటికి పోయి, ఏడాది పొడుగునా కూర్చోబెట్టి, కూడిక మొదలుకొని భాగహారం దాకా లెక్కలన్నీ నేర్పించాను. ఈ సంగతి మా మనవళ్ళకు చెప్పాను. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజు నాకు శాలువా కప్పినవాళ్ళకు చెప్పాను. ఒకసారి రైల్లో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి డోన్ దగ్గర మొదలుపెట్టి నంద్యాల వచ్చేదాకా చెప్పాను. ఆయన దిగిపోతూ నాకు దండం కూడా పెట్టాడు.

ఏడాది కాదు, పదకొండు రోజులు. భాగహారం దాకా కాదు, గుణకారం దాకా. ఆ గుణకారమైనా నేను నేర్పింది కాదు, నేను పోయేటప్పటికే ఆ పిల్లకు వచ్చు. ఆ పెద్దమనిషి పెట్టిన దండం అప్పటినుంచీ నా దగ్గరే ఉంది, ఎవరికి తిరిగి ఇవ్వాలో తెలియక. అందుకే ఈసారి ఉన్నదున్నట్టు చెప్తాను.

అవి డెబ్బైల నాటి రోజులు. నేను నాలుగో తరగతి. ఆ పిల్లకు అయిదేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి చెవులు పోయాయట. అప్పటికే మాటలు వచ్చి ఉండటంతో నోరు మాత్రం మిగిలింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది, కానీ అర్థమయ్యేది. వాళ్ళమ్మ శెనక్కాయల మిల్లులో కూలికి పోయేది. బిడ్డను బడిలో చేర్చడానికి తెచ్చిన రోజు ఆమె మా అయ్యవారితో అన్న మాట మా తరగతి అంతా విన్నది. "చెవులు ల్యాకపోతే ఏం సార్, కండ్లుండాయి గదా. పెద్ద చదువులేం వద్దు నాకు. బస్సు మీద బోర్డు చదివితే సాలు."

మా అయ్యవారు పక్క పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవారు. సన్నటి మనిషి, గట్టి గొంతు. ఆ గొంతు ఈ పిల్ల దగ్గర పనికిరాలేదు. పేరు పెట్టి పిలిస్తే పలకదు, తల వంచుకొని పలక మీద ఏదో రాసుకుంటూ ఉంటుంది. నాలుగు రోజులు ఆయన సుద్దముక్కలు విసిరి పిలిచారు. ఆ తర్వాత ఒక ఉపాయం దొరికింది. మా బడి నేలంతా బేతంచెర్ల బండలు. వాటిలో ఒక పొడవాటి బండ కింద మట్టి జారిపోయి, ఈ కొసన కాలు పెడితే ఆ కొస కదిలేది. అయ్యవారు తన కుర్చీని ఒక కొసన వేయించుకొని, ఆ పిల్లను రెండో కొసన కూర్చోబెట్టారు. ఆయన మడమతో ఒక్క తన్ను తంతే చాలు, ఆ పిల్ల తల ఎత్తి ఆయన నోటివైపు చూసేది. పెదవుల కదలికను బట్టి మాట పట్టుకునేది. ఆ బండను కనిపెట్టింది నేనేనని చాలామందికి చెప్పాను. కనిపెట్టింది ఆయనే. నేను దానిమీద ఎగిరి దూకి తన్నులు తిన్నవాణ్ణి, అంతే.

పెదవులు చూసి మాట పట్టుకోవడంలో ఒక చిక్కుంది. బ, ప, మ అనే మూడక్షరాలూ పెదవుల మీద ఒక్క తీరుగానే ఉంటాయి. నమ్మకం లేకపోతే అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా 'బడి' అని, 'మడి' అని చూసుకోండి. ఆ పిల్లకు రెండూ ఒకటే. మా వైపు కాలువ నీళ్ళ కింద వరిమళ్ళు ఉండేవి, బడి మానేసిన పిల్లలంతా మడికి పోయేవాళ్ళు. "రేపు బడికి రా" అని అయ్యవారు చెబితే, ఒకరోజు ఆ పిల్ల మడి దగ్గరికి పోయి పొద్దెక్కేదాకా ఆయన కోసం గట్టు మీద కూర్చున్నదట. దాంతో ఆయన ఇంకో పద్ధతి పెట్టారు. 'మ' పలికేటప్పుడు ముక్కు మీద వేలు పెట్టుకునేవారు, 'బ' పలికేటప్పుడు గొంతు మీద చెయ్యి. 'ప'కు ఏమీ లేదు. పాఠం చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి ముక్కుకూ గొంతుకూ మధ్య ఈగను తోలుతున్నట్టు తిరుగుతూనే ఉండేది.

ఇంత మంచి సరుకు దొరికాక నేను ఊరుకుంటానా? విరామంలో గోడ పక్కన నిలబడి, ముక్కూ గొంతూ తడుముకుంటూ అయ్యవారిలా పాఠం చెప్పేవాణ్ణి. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఒకరోజు వెనక్కి తిరిగితే ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు. వీపు చీరేస్తారనుకున్నాను. ఆయన నాచేత చివరిదాకా చెప్పించుకొని చూశారు. ఆ తర్వాత, "ఒక్క తప్పు పోలేదు కదరా! నాకంటే నీకే బాగొచ్చింది. రేపట్నుంచి ఆ పాప పక్కన కూచోని, నేను బోర్డు దిక్కు తిరిగినప్పుడు నువ్వు చెప్పు," అన్నారు. వెక్కిరింతను అట్లా కొలువులో పెట్టుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆడపిల్ల పక్కన కూర్చోవడం సిగ్గే. అయినా అయ్యవారి నోట నాకంటే నీకే బాగొచ్చింది అన్న మాట విన్నాక ఏ కుర్రాడు కాదంటాడు?

దసరా సెలవులు అయిపోయాక నంద్యాల నుంచి ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. వరసల మధ్య తిరుగుతూ, పిల్లల వెనక నిలబడి ప్రశ్నలు అడిగాడు. ఆ పిల్ల వెనక నిలబడి కూడా అడిగాడు. ఆమె పలక మీదినుంచి తల ఎత్తలేదు. మళ్ళీ అడిగాడు. అయ్యవారు కంగారుపడి బండను తన్నారు. ఆ పిల్ల తల ఎత్తి అయ్యవారిని చూసింది, వెనక ఉన్నాయన్ను చూడలేదు. అయ్యవారు మళ్ళీ తన్ని, చేత్తో వెనక్కి చూపించారు.

"ఏందయ్యా ఆ కాళ్ళు కొట్టడం? గుర్రమా నువ్వు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తరగతి ఘొల్లుమంది. మొదట నవ్వింది నేనే. ఆ పిల్ల అందరి నోళ్ళూ చూసి, ఏదో నవ్వులాట అనుకొని తానూ నవ్వింది.

సంగతి తెలిశాక ఆయన హాజరు పట్టీ తెప్పించి ఎర్ర సిరాతో ఆ పిల్ల పేరు కొట్టేశాడు. "ఇట్లాంటోళ్ళకు వేరే బడులుంటాయి. ఈడ పెట్టుకొని మిగతా పిల్లోళ్ళ చదువు చెడగొట్టొద్దు," అన్నాడు. "యాడుండాయి సార్?" అని అడిగారు అయ్యవారు. "కర్నూల్లోనో, యాడనో. కనుక్కో పో." అయ్యవారు ఆయన వెంట జీపు దాకా నడిచి, ఏం మాట్లాడారో ఏమో, ఒక మాట సంపాదించుకొని వచ్చారు. సంవత్సరం చివర ఆ పిల్లను నంద్యాలకు తీసుకుపోతే ఇన్‌స్పెక్టరే పరీక్ష పెడతాడు. నాలుగో తరగతి లెక్కలు మిగతా పిల్లలతో సమానంగా చేస్తే పేరు మళ్ళీ ఎక్కుతుంది, లేకపోతే లేదు. అప్పటిదాకా తరగతిలో కూర్చోకూడదు.

"నేను పొద్దుగూకేలోపల సైకిలు తొక్కి ఊరు చేరాల. నీ ఇల్లు వాళ్ళ వీధిలోనే గదరా," అన్నారు అయ్యవారు నాతో. "పొద్దున చెప్పింది సాయంత్రం పోయి ఆ పాపకు చెప్పు. నీకంటే బాగా చెప్పేటోడు ఈ ఊర్లో లేడు."

అట్లా అయివారినయ్యాను. వాళ్ళ గడప ముందర కూర్చుని, ముక్కూ గొంతూ ముట్టుకుంటూ చెప్పేవాణ్ణి. ఆ పిల్ల నేను పోయేలోపలే పలక తుడిచి సిద్ధంగా పెట్టుకునేది. ఎక్కాల్లో నేను తప్పు చెబితే నా వేలు పట్టుకొని ఆపేది. నేను దిద్దుకొనేదాకా వదిలేది కాదు. పన్నెండో ఎక్కం నాకు సరిగ్గా వచ్చింది ఆ పిల్ల వల్లనే. నేను నేర్పానని చెప్పుకున్న ఏడాదిలో నేర్చుకున్నవాణ్ణి నేను.

పన్నెండో రోజు ఎందుకు పోలేదంటే, బొంగరాల కాలం వచ్చిందని చెబుతుంటాను. బొంగరాలు ఏడాది పొడుగునా ఉండేవి. అసలు జరిగింది వేరు. వీధి మలుపులో మా తరగతి పిల్లలు నలుగురు నా కోసం కాచుకొని, "ఒరేయ్, చెవిటిదాని మొగుడు పోతాండాడు చూడండ్రోయ్! మొగుడా, ముక్కు పట్టుకో!" అని కేకలు వేశారు. నేను వెనక్కి తిరిగి ఇంటికి పోయాను. ఒక్కరోజు మానేసి మరుసటి రోజు పోదామనుకున్నాను. మరుసటి రోజు కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు.

పొద్దున బడిలో అయ్యవారు అడిగారు, నిన్న ఏం చెప్పావురా అని. పోలేదని చెప్పడానికే నోరు తెరిచాను. "గుణకారం అయిపోయింది సార్. భాగహారం మొదలుపెట్టినా," అన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూశాక ఇంక ఆగలేకపోయాను. రోజుకొక మెట్టు ఎక్కించాను ఆ పిల్లను. "రెండంకెల భాగహారం గబగబా చేసింది సార్. శేషం కూడా వదల్లేదు. నేను చెప్పకముందే చెప్పింది సార్." ఆయన నన్ను తరగతి ముందు నిలబెట్టి, చదువు చెప్పడమంటే ఇదిరా అనేవారు. నాకు తెలిసిన కథలన్నిట్లో అంత బాగా చదివిన పిల్ల లేదు. నేనే తయారు చేశాను కదా, మరి!

నిజం పిల్ల ఎక్కడుందో నాకు తెలియదు. కనుక్కోలేదు. వాళ్ళ ఇంటి ముందునుంచి పోవడం మానేసి చుట్టూ తిరిగి బడికి పోయేవాణ్ణి.

ఎండలు ముదిరేవేళ నంద్యాల నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మకు కబురు పంపి, చదువు చెప్పిన పిల్లవాడు కూడా రావాలన్నారు అయ్యవారు. ఆయన తన పల్లె నుంచి నేరుగా నంద్యాలకు వస్తారు, నేను ఆ తల్లీబిడ్డలతో ఆళ్ళగడ్డలో బస్సెక్కాలి. వాళ్ళమ్మ కొంగులో సద్ది కట్టుకొని వచ్చింది. ఆ రోజు మిల్లు కూలి పోయింది ఆమెకు. నన్ను చూసి నవ్వింది. నేను బస్సు కదలగానే పలక తీసి ఆ పిల్లకు భాగహారం చెప్పడం మొదలుపెట్టాను. అయిదు నెలల చదువు ఒక బస్సు దూరంలో చెప్పాలి. బస్సు కుదుపులకు గీతలు వంకరపోయాయి. నా పెదవులూ కుదుపులకు ఊగుతుంటే ఆ పిల్ల ఏం పట్టుకుంటుంది? కాసేపు చూసి, నా చెయ్యి పక్కకు జరిపి, కిటికీ వైపు తిరిగిపోయింది. సిరివెళ్ళ దగ్గర బస్సు ఆగితే బోర్డు చూసి, ముద్దమాటతో అక్షరం అక్షరం కూడబలుక్కొని, "సి-రి-వె-ళ్ళ" అని చదివింది.

వాళ్ళమ్మ నా తొడ మీద చరిచి, "విన్యావా నాయనా! బోర్డు చదివె నా బిడ్డ! నీ పున్నెం!" అంది. బస్సులో అందరూ మావైపు తిరిగి చూశారు. నేను కిందికి చూశాను.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు అయ్యవారిని లోపలికి రానివ్వలేదు. "నువ్వు బయటుండు. కాళ్ళూ చేతులూ ఆడిస్తావు," అన్నాడు. తల్లినీ, పిల్లనీ, నన్నూ మాత్రం పిలిచాడు. "వీడేనా మీ చిన్న అయివారు? ఏంరా, యాడిదాకా చెప్పినావు?" చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి, "భాగహారం దాకా సార్," అన్నాను. అప్పుడైనా గుణకారం అని ఉంటే ఆయన గుణకారమే ఇచ్చి ఉండేవాడేమో. నాకు తెలియదు.

ఆయన కాగితం మీద ఎనభై నాలుగు వేసి, భాగహారం గుర్తు పెట్టి, నాలుగు వేసి ఇచ్చాడు. ఆ పిల్ల ఆ గుర్తును ఎప్పుడూ చూడలేదు. బస్సులో నేను గీసిన వంకర గీతే ఆమెకు తెలిసిన భాగహారం. కాసేపు ఆలోచించి, నాలుగుతో హెచ్చించి, మూడువందల ముప్పై ఆరు అని ముత్యాల్లాంటి అంకెలతో రాసి ఇచ్చింది. లెక్క తప్పు లేదు. అడిగింది అది కాదు. ఆయన దాన్ని అడ్డంగా కొట్టేసి, కొంచెం జాలిపడ్డట్టే ముందుకు వంగి, "బడికి పోతాండావా పాపా?" అని అడిగాడు.

ఆ పిల్ల ఆయన పెదవులు జాగ్రత్తగా చూసి, "మడికి పోను సార్. మిల్లుకు పోతా," అంది.

ఆయన నవ్వాడు. "అడిగిందొకటి, చెప్పేదొకటి. చెవులొక్కటే కాదమ్మా, బుర్ర కూడా ల్యాదు," అని కాగితం మీద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు.

ఆ గదిలో ఏం జరిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన బడి అన్నాడు, ఆ పిల్ల మడి అని చూసింది, చూసినదానికి సరైన జవాబు చెప్పింది. ఒక్క వాక్యం చాలు. సార్, ఆ పాపకు బ, మ ఒకటే కనిపిస్తాయి అంటే చాలు. మాట రాకపోతే చెయ్యి ఎత్తి గొంతు మీద పెట్టుకున్నా ఆ పిల్ల నన్ను చూసి జవాబు మార్చుకునేది. నా చేతులు వెనకే ఉండిపోయాయి. భయం వల్ల అని చాలా ఏళ్ళు అనుకున్నాను. భయమే, కానీ ఆయనంటే కాదు. నేను నోరు విప్పితే ఆయన తర్వాత అడిగేది నన్నే, మరి భాగహారం ఎట్ల చెప్పినావురా అని. నా అబద్ధం నిలబడాలంటే ఆ పిల్ల బుద్ధిలేనిది కావాలి. అయింది.

బయట అయ్యవారు కాగితం చదువుకొని నావైపు తిరిగారు. "శేషం కూడా వదల్లేదంటివి గదరా?"

నాకంటే ముందు వాళ్ళమ్మ అందుకుంది. నన్ను కాపాడాలనే అందుకుంది. "పిల్లోన్ని ఏమనొద్దు సార్. పది పదకొండు దినాలు శానా బాగ చెప్పినాడు. ఆమీదట పాపం జరమొచ్చిండాది వానికి. రోజూ పలక తుడుచుకొని కూచునేది ఇది. వాడు రాకపోతే, వానికి జరమేమోమ్మా అని ఇదే చెప్పె నాకు. నెల చూసి, ఇంక నాతో మిల్లుకు తోలుకుపోయినా."

అయ్యవారి చెయ్యి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన ఆ చేత్తోనే తన ముఖం తుడుచుకుంటున్నారు. "నువ్వు చెప్పినావు, నేను నమ్మినా," అన్నారు. "నమ్మితే నాకు బాగుండె. వాళ్ళ వీధి దాకా సైకిలు తిప్పి, ఏం నేర్చుకున్నావు తల్లీ అని ఆ పిల్లను అడిగినోడు మనిద్దర్లో ఒక్కడూ లేడు."

ఆయన లోపలికి పోయి బతిమాలారు. ఇన్‌స్పెక్టరు అప్పటికే భోజనానికి లేచాడు. రాసిన కాగితం రాసినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత అయ్యవారు కొన్ని ఆదివారాలు వాళ్ళింటికి పోయి చెప్పారని విన్నాను. వేసవి దాటాక ఆయనకు ఆత్మకూరు దిక్కు బదిలీ అయింది. పోయేదాకా నన్ను తిట్టలేదు, కొట్టలేదు, మళ్ళీ ఏ పనీ చెప్పలేదు కూడా. ఆ పిల్ల మిల్లులోనే పెద్దదైంది. ఆమె పేరు మళ్ళీ ఏ పట్టీలోకీ ఎక్కలేదు.

ఆనాటినుంచి నాకొక అలవాటు మిగిలింది. ఏ పిల్లవాడి గురించైనా పెద్దవాళ్ళు, వీడు బాగా చదువుతున్నాడండీ అనో, వీడికి చదువు రాదండీ అనో చెబితే, వాళ్ళను వదిలిపెట్టి పిల్లవాడి దగ్గర కూర్చుంటాను. మా మనవల బళ్ళో అయ్యవార్లకు ఇది నచ్చదు, ముసలాయన చాదస్తం అంటారు. అననీ. ఇంకో అలవాటు మాత్రం పోలేదు, మీరు చూస్తూనే ఉన్నారు. ముందు పెద్దది చేసి చెప్పడం, తర్వాత దించుకోవడం. ఆనాడు దించుకోలేదు కాబట్టి ఇప్పుడు ప్రతిదీ దించుకుంటున్నాను కాబోలు.

పెద్దయ్యాక ఆమెను వెతికి పట్టుకొని, క్షమించమని అడిగానని మా ఆవిడకు చెప్పాను. అదీ అబద్ధమే. వెతకాల్సిన పని లేదు. ఒకటే ఊరు. మిల్లు వదిలే వేళకు ఆడవాళ్ళ గుంపులో నెత్తిన గుడ్డ కట్టుకొని వస్తుంటే చాలాసార్లు చూశాను, చూసి రోడ్డు దాటిపోయాను. ఇంకెవరికైనా తప్పు ఒప్పుకోవాలంటే ఎటో చూస్తూ గొణగొచ్చు, కాగితం మీద రాసి పంపొచ్చు, ఇప్పుడు మీకు చెబుతున్నట్టు పదిమందిలో కలిపి చెప్పొచ్చు. ఆమెకు చెప్పాలంటే మాత్రం ఎదురుగా నిలబడాలి. తల దించకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టకుండా, ఒక్కో మాటా మెల్లగా, ఆమె నా ముఖం చూస్తూ ఉండగా చెప్పాలి. అరవై దాటి ఎన్నేళ్ళో అయింది. ఆ పని ఇంకా నాకు చేతకాలేదు.